జ్ఞాపకములను దాచుకొనుట: శిలాశాసనము మొదలు వీడియో వఱకు

శ్రీకాకుళమునకు చేరువనున్న శ్రీకూర్మమునకు పోయినవారు, స్వామిని దర్శించిన పిదప, మండప స్తంభములపై చెక్కియున్న అక్షరముల యెదుట ఒక్క నిమిషము నిలిచి చూచుట కలదు. వానిని చదువగలవారు నూటి కొక్కరైన నుందురో లేదో. అయినను అవి విలువగల మాటలనియు, ఎవరో తమ తరువాతి వారికొఱకు శ్రద్ధతో చెక్కించినవనియు ప్రతివారికిని తోచును. అఖండదీపమునకు దానమిచ్చినవా రెవరు, ఏ రాజు కాలమున ఇచ్చిరి, ఆ దానము ఎంతకాలము చెల్లవలెను అను సంగతులు అట్టి శాసనములలో కానవచ్చును. దానము ఆచంద్రార్కము చెల్లవలెనని వ్రాయించుట ఆనాటి వాడుక. సూర్యచంద్రు లున్నంతకాలము ఆ మాట నిలువవలెనని దాని యర్థము.

ఆ కోరికయే నేడు వేఱు రూపమున మన యిండ్లలోనికి వచ్చినది. సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. బిడ్డ తొలి యడుగు, తాతగారి షష్టిపూర్తి, విజయనగరమున పైడితల్లి యమ్మవారి సిరిమాను సంబరము, పల్లెలో పెద్దలు ఆడిన తప్పెటగుళ్లు, ఇవి యన్నియు కదలెడి బొమ్మలుగా, వినబడెడి మాటలుగా మన చేతిలో నున్నవి. ఫోను నిండిపోయినది, వీడియోలను ఎక్కడనైన భద్రముగా దాచవలెను. “ఏది కొన్నచో నమ్మకము?” అని దుకాణదారు నడుగని గృహస్థు లేడు. ఆ ప్రశ్ననే మేము దుకాణమున గాక చరిత్రలో అడిగి చూడదలచితిమి. కళింగదేశమున వేయేండ్లకు పైగా మనవారు దాచిన వస్తువులు ఏవి నిలిచెను, ఏవి పోయెను, నిలిచిన వేల నిలిచెను? ఈ మూడు సంగతులు తెలిసినచో దుకాణమున ఏమి యడుగవలెనో మనకే తెలియును.

మొదట శిలను చూతము. శిలకున్న గుణములు గొప్పవి. దానిని చదువుటకు యంత్ర మక్కఱలేదు, వెలుతురున్న చాలును. నిప్పునకు, నీటికి అంతగా బెదరదు. మధ్వాచార్యుల శిష్యుడును, కళింగమున అధికారము నెఱపినవాడును అగు నరహరితీర్థుని శాసనము శ్రీకూర్మమున 1281వ సంవత్సరమున వేయబడినది. ఏడు వందల యేండ్లు దాటినను అది మనకు దక్కినది. వంశధార యొడ్డున ముఖలింగమునందలి మధుకేశ్వరాలయములోను తూర్పుగాంగుల నాటి శాసనము లెన్నియో కలవు.

అయినను శిలకు లోపములు లేకపోలేదు. రాతిపై కొద్దిమాటలే పట్టును. రాతిని మఱియొక యూరికి కొనిపోరాదు. గుడిని బాగుచేయునప్పుడు గోడలకు సున్నము వేసినచో అక్షరములు పూడును. స్తంభము తీసి వేఱొక చోట తలక్రిందుగా నిలిపినను అడుగువా రుండరు. వీనికన్న పెద్ద లోపము మఱియొకటి కలదు. రాయి నిలిచినను లిపి మాఱిపోవును. కొన్ని శతాబ్దములు గడచునప్పటికి, శాసనము ముంగిటనే పుట్టి పెరిగినవారికి సైతము అందులోని యక్షర మొకటియు తెలియకుండ పోయెను. వస్తువు భద్రముగానే యున్నది, చదువువాడు లేడు. ఈ చిక్కు నేటి వీడియోలకును కలదని ముందు చెప్పుదుము.

ఆ చిక్కును విప్పినవారిలో ముఖ్యులు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వారు 1863లో ముఖలింగమునకు సమీపమున పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. వాడుకభాష కొఱకును, సవరల భాష కొఱకును వారు చేసిన కృషి అందఱికిని తెలిసినదే. వారు శాసనలిపిని స్వయముగా నేర్చి ముఖలింగమునందలి శాసనములను చదివిన సంగతి అంతగా ప్రచారము కాలేదు. గాంగుల రాజధానియగు కళింగనగరము ఈ ముఖలింగమే యని వారు నిరూపింప పూనిరి. నరసన్నపేట ప్రాంతమునందలి నడగామున దొరకిన వజ్రహస్తుని తామ్రశాసనమును వారు పరిష్కరింపగా, అది ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున అచ్చయ్యెను. ఆ శాసనము శకవర్షము 979, అనగా సుమారు 1057వ సంవత్సరము నాటిది. పిమ్మట 1925లో వెలువడిన దక్షిణభారత శాసనముల అయిదవ సంపుటమున ముఖలింగ శ్రీకూర్మ శాసనముల పాఠములు చేరినవి. తడికాగితమును రాతిపై పఱచి, కుంచెతో తట్టి, సిరా అద్ది ప్రతి తీయుట, ఆ ప్రతిని చూచి అచ్చువేయుట, ఆ గ్రంథములను పలుచోట్ల గ్రంథాలయములకు పంపుట, ఇది యంతయు శిలకు పుట్టిన రెండవ జన్మము. నేడొక స్తంభము విఱిగినను దానిపై మాట పోదు.

తరువాత రాగిరేకు. నరసన్నపేట దగ్గఱి కొమర్తిలో చండవర్మ శాసనము, శ్రీకాకుళము దగ్గఱి రాగోలులో శక్తివర్మ శాసనము రాగిరేకులపైననే దొరకినవి. తామ్రశాసనము దానము పొందినవాని చేతిలో నుండెడి పత్రము. భూమి పోకుండుటకు పత్రము పోరాదు. కావున దానిని తరతరములు కాపాడిరి, భయము కలిగినప్పుడు కుండలో పెట్టి పాతిరి. నేలలో నున్నవి నాగలికి తగిలి మనకు చిక్కినవి. రాగికి వెల యుండుటయే దాని లోపము. కఱవు వచ్చినప్పుడు కంచరి మూసలో కరగిన శాసనములు ఎన్నియో ఎవరు చెప్పగలరు?

తామ్రశాసనమున మనము గమనింపదగిన యుపాయ మొకటి కలదు. రేకులన్నిటికి ఒక రంధ్రము చేసి, ఆ రంధ్రములగుండ ఒక కడియమును దూర్చి, కడియపు కొనలను కలిపిన చోట రాజముద్రను వేసెడివారు. ఒక రేకును తీయవలెనన్నను, కొత్తరేకును చేర్చవలెనన్నను కడియమును కోయక తప్పదు. కోసినచో తెలిసిపోవును. నేడు కంప్యూటరు తెలిసినవారు దాచిన ఫైలు చెడినదో లేదో తెలిసికొనుటకు, అందులోని అంకెలన్నిటిని ఒక నిర్ణీత పద్ధతిని లెక్కించి ఒక చిన్న గుర్తును తీసి విడిగా నుంచుకొందురు. దానిని చెక్‌సమ్ అందురు. కొంతకాలమునకు మరల లెక్కించినప్పుడు అదే గుర్తు వచ్చినచో ఫైలులో అక్షరమైన మాఱలేదన్నమాట. గాంగరాజుల కడియమునకును దీనికిని వరుస ఒక్కటియే.

ఇక తాటాకు. శిలతోను రాగితోను పోల్చినచో దీనికంటె బలహీనమైనది వేఱొకటి లేదు. పురుగు తినును, చెమ్మకు నల్లబడును, నిప్పు తగిలిన క్షణములో పోవును. పసుపు పూసి, నూనె రాచి, పలకల నడుమ కట్టి, గుడ్డలో చుట్టి అటకపై నుంచినను కొన్ని తరములకు కంటె నిలుచుట అరుదు. అయినను మన సాహిత్యమంతయు ఈ తాటాకుపైననే వచ్చినది. నన్నయభట్టారకుడు స్వయముగా గంటము పట్టి వ్రాసిన యాకు నేడొకటియు లేదు. ఆంధ్రమహాభారతము మాత్రము తెలుగుదేశమంతటను కలదు. ఇది యెట్లు జరిగెను? ఆకు శిథిలము కాకముందే ఒకరు మఱియొక ప్రతి వ్రాసికొనిరి. ఒక యగ్రహారమున ఇల్లు కాలినచో మఱియొక యగ్రహారమున ప్రతి యుండెను. శిల తన బలముచేత నిలిచినది. తాటాకు తనను ఎత్తివ్రాసినవారి బలముచేత నిలిచినది. ఎత్తివ్రాయుటలో తప్పులు దొరలిన మాట నిజమే. అందుచేతనే చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులను కూర్చుండబెట్టి పలుప్రతులను సరిచూపించెను. కర్నలు మెకంజీ సేకరించిన గ్రామ చరిత్రలు, అనగా కైఫీయత్తులు, జీర్ణించిపోవుచుండగా వానికి ప్రతులు వ్రాయించినదియు బ్రౌనే. మెకంజీ 1821లో గతించెను. బ్రౌను ఆ పని చేయింపనిచో అందులో కొంతభాగము మనకు దక్కియుండెడిది కాదు.

ఇంతవఱకు మాటల సంగతి. వినబడెడి ధ్వనిని, కనబడెడి యాటను దాచుటకు ఆ కాలమున మనుష్యుని కంఠము, దేహము తప్ప వేఱు సాధనము లేదు. 1757 జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలి యుద్ధమును ఊరూరను నిలిపినవారు కథ చెప్పినవారే. విజయనగరమున 1919లో సంగీత కళాశాల స్థాపింపబడి, ఆదిభట్ల నారాయణదాసుగారు దాని కధ్యక్షులైనప్పుడు, అందు జరిగిన పనియు నదియే: గురువు కంఠమునుండి శిష్యుని కంఠమునకు విద్య ఎత్తివ్రాయబడెను. దాసుగారి హరికథ గంటల తరబడి సాగెడిది. గానము, నృత్యము, అభినయము, ఆశుకవిత్వము కలిసినది. మూడు నిమిషములలో ముగిసెడి నాటి గ్రామఫోను ప్లేటులో అది యెట్లు పట్టును? ఆ కాలమునకు ఆ కళను సమగ్రముగా పట్టియుంచు పాత్ర లేకపోయెను. అదే కళాశాలలో వాయులీనాచార్యులై, 1936లో అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాదన ప్లేట్ల రూపమున నిలిచినది. లక్కతో చేసిన ఆ ప్లేటు చేయి జాఱిన పగులును. అయినను ఒక్క అచ్చునుండి అనేకములైన ప్లేట్లు పుట్టి అనేకుల యిండ్లకు పోయినవి. ఒక యింట పగిలినది మఱియొక యింట మిగిలెను. తాటాకు చెప్పిన పాఠమునే లక్క ప్లేటును చెప్పినది.

చలనచిత్రము వచ్చినప్పుడు ఈ పాఠమును లోకము మఱచెను. రఘుపతి వెంకయ్యగారును వారి కుమారుడు ప్రకాశ్‌గారును 1921లో నిర్మించిన మూకచిత్రము భీష్మప్రతిజ్ఞ. నేడు దాని ప్రతి లేదు. 1931లో వెలువడిన ఆలం ఆరా మన దేశపు తొలి టాకీ. దాని ప్రతియు లేదు. నాటి ఫిలిము నైట్రేటుతో చేయబడినది. తనంతట తాను కుళ్లును, చటుక్కున అంటుకొనును. ప్రదర్శనలు ముగిసిన రీళ్లను అందులోని వెండి కొఱకు అమ్మివేయుటయు కలదు. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడువఱకు రీళ్లను పోగుచేయు బాధ్యత ఎవరికిని లేకపోయెను. ఏర్పడిన తరువాతను 2003 జనవరిలో పూనాలో నైట్రేటు రీళ్లున్న గిడ్డంగి కాలి, తిరిగిరాని చిత్రములు పోయినవి. ప్రతులు కొద్ది, ఉన్నవి యొక్కచోట. ఇక నిప్పునకు పని సులువు.

అయస్కాంతపు టేపు వచ్చి మఱియొక అపాయమును తెచ్చినది. రాతిని చెఱపుట కష్టము. టేపును చెఱపుట మీట నొక్కినంత సులువు. 1969 జులైలో మానవుడు చంద్రునిపై అడుగిడిన దృశ్యములను నేరుగా పట్టిన మూలటేపులను, టేపుల కొఱత వచ్చినప్పుడు, అమెరికా అంతరిక్ష సంస్థయే చెఱపి తిరిగి వాడుకొన్నదని 2009లో తేలినది. ఆ దృశ్యములు పూర్తిగా పోకుండ కాపాడినవి ఏవనగా, ప్రసారము చేసిన టెలివిజను కేంద్రములలో మిగిలిన ప్రతులు. ఇంగ్లండున 1086లో విలియం రాజు వ్రాయించిన డూమ్స్‌డే గ్రంథమును నేటికిని చదువవచ్చును. దాని తొమ్మిది వందల యేండ్ల పండుగకై 1986లో బి.బి.సి. వారు లేజరు డిస్కులపై క్రొత్త డూమ్స్‌డేను తయారుచేసిరి. పదునైదేండ్లు గడచునప్పటికే ఆ డిస్కులను చదువు యంత్రములు దొరకుట గగనమై, పండితులు ప్రత్యేకముగా శ్రమించి వానిని బయటపెట్టవలసి వచ్చెను. ముఖలింగపు లిపికి శతాబ్దములలో పట్టిన గతి లేజరు డిస్కునకు పదునైదేండ్లలోనే పట్టినది.

మా యింటి సంగతి యొకటి మనవి చేసెదము. మా కుటుంబమున జరిగిన యొక వివాహపు వీడియో కాసెట్టును మేము బీరువాలో పట్టుచీరల నడుమ ఎంతో జాగ్రత్తగా దాచితిమి. పెద్దలు గతించిన తరువాత వారి ముఖములు, మాటలు మరల చూడగోరి తీసితిమి. సముద్రపు తేమకు టేపుపై తెల్లని బూజు పట్టియున్నది. పెట్టి చూచుటకు యంత్రమును లేదు. ప్రపంచమున ఆ యంత్రములను చేయుచుండిన చివరి సంస్థ కూడ 2016లో ఆ పని మానుకొన్నది. మేము నిరాశ చేసికొన్న పిమ్మట, విజయనగరమున నున్న మా మేనత్తగారు ఆనాడే తమకొక ప్రతి తీయించుకొన్నారని తెలిసినది. అది బాగుగ నుండెను. ఆమె మాకంటె జాగ్రత్తపరు రాలు కాదు. ఆ కాసెట్టు ఆమె యింట దూరదర్శని క్రింది అరలో పడియున్నది. మేము దాచిన తీరుకన్న ఆమె వద్ద నుండుటయే మాకు మేలు చేసెను.

ఇప్పుడు దుకాణమునకు పోవుదము. హార్డు డిస్కు అనునది లోపల పళ్లెము తిరుగు యంత్రము. తక్కువ వెలకు ఎక్కువ వీడియో పట్టును. క్రింద పడిన చెడును. వాడినను వాడకున్నను అయిదారేండ్లకు మించి దానినే నమ్ముకొని యుండరాదు. ఎస్.ఎస్.డి., పెన్ డ్రైవు, మెమరీ కార్డు, వీనిలో తిరుగునది లేదు. చిన్న విద్యుదావేశముగా విషయము నిలుచును. కరెంటు తగులకుండ ఏండ్ల తరబడి పెట్టెలో పడియుండినచో ఆ యావేశము కారిపోవచ్చును. కావున ఇవి తీసికొనిపోవుటకు మంచివి, దాచియుంచుటకు కావు. ఇంటిలో వ్రాసికొను సాధారణపు డి.వి.డి.లో రంగుపూత యుండును; వేడికి, వెలుతురునకు అది చెడును. టెలివిజను సంస్థలు, చిత్రనిర్మాతలు ఎల్.టి.ఓ. అను టేపును వాడుదురు, 2000లో వచ్చినది, సరిగా నుంచినచో ముప్పదియేండ్లు నిలుచునందురు. కాని దాని యంత్రము వెల హెచ్చు. క్రొత్త తరపు యంత్రములు మిక్కిలి పాతటేపులను చదువవు. క్లౌడ్ అనబడునది ఎక్కడనో యున్న పెద్ద యంత్రాగారములో మన ఫైలును అద్దెకుంచుట. ఇల్లు కూలినను అది యుండును. అద్దె కట్టుట మానినను, ఖాతాదారు గతించి సంకేతపదము తెలియకున్నను, ఉన్నదియు లేనిదియు నొక్కటియే.

ఈ తీరప్రాంతము వారికి ఇల్లు కూలుట ఊహామాత్రము కాదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానమున తరతరముల కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొఱగినవి. ఎంత గొప్ప వెలపెట్టి కొన్న డిస్కైనను, అసలును ప్రతియు ఒక్క పెంకుటింటి బీరువాలోనే యున్నచో, అట్టి రాత్రి రెండును కలిసియే పోవును.

కావున ఏది కొనవలెనను ప్రశ్నకు చరిత్ర చెప్పు సమాధానము కొంత వేఱు. ఆచంద్రార్కము నిలుచు వస్తువును మనవారు కనుగొనలేదు, ఇంకెవ్వరును కనుగొనలేదు. నిలిచినది ప్రతులు తీయు నలవాటు. వృత్తిచిత్రకారులు నేడు పాటించు సూత్రమొకటి కలదు: ప్రతులు మూడు, అవి రెండు విధములగు సాధనములపై, అందొకటి వేఱొక యూర. గృహస్థునకు దానినే చెప్పవలెనన్నచో, ఒకటి హార్డు డిస్కుపై ఇంటిలో, రెండవది మఱియొక డిస్కుపై విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న కూతురింటిలో, మూడవది క్లౌడులో. రెండు డిస్కులను ఒకే నాడు ఒకే దుకాణమున కొనకుండుట మేలు. ఒక్క లోపము రెంటికిని ఉండవచ్చును. విరివిగా వాడబడు సామాన్యమైన వీడియో పద్ధతిలోనే యుంచవలెను. ఒక్క సంస్థ యంత్రమునకే తెలిసిన పద్ధతి మఱియొక ముఖలింగపు లిపి యగును. పాత కాసెట్టులున్నవారు యంత్రములు ఇంకను దొరకుచుండగనే మార్పించుకొనవలెను. ప్రతి దృశ్యమునకును ఎవరు, ఎక్కడ, ఏ యేడు అని వ్రాసి చేర్చవలెను. శాసనములో పేరు, శకవర్షము లేనిచో అది వట్టి రాయి, వీడియోకును అంతే.

చివరకు మిగిలినది చూచుకొనుట. దసరా దినములలో సరస్వతీపూజ నాడు మన పెద్దలు తాళపత్ర గ్రంథములను అటకమీదనుండి దింపి, దుమ్ము తుడిచి, పీటపై నుంచి పూజించెడివారు. ఆ నెపమున ఏ కట్టకు పురుగు పట్టినది, ఏది ఎత్తివ్రాయవలెను అనునది సంవత్సరమున కొక్కసారియైన కంటబడెడిది. మేము మా యింట రెండేండ్లుగా పుస్తకముల ప్రక్కన ఆ డిస్కులను కూడ పీటపై నుంచుచున్నాము. పూజ ముగిసిన పిమ్మట వానిని తెఱచి, అందఱును కూర్చుండి, ఆ పెండ్లి వీడియోను కొంతసేపు చూచెదము. అందులో మా తాతగారు ఎవరినో కేక వేసి పిలుచుచుందురు. పిల్లలు “ఆయన యెవరు?” అని యడుగుదురు, మేము పేరు చెప్పుదుము. ఆ పేరు వారికి తెలిసినంతకాలము ఆ ప్రతి బ్రతికియున్నట్లే.